రెండూ బాగున్నాయని చెప్పు

ఆగండి, ఒక్క పది నిమిషాలు. చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి ఇది వినండి. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగబోతున్నాను, మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళు దానికి జవాబు చెప్పలేరు. నేనిప్పుడు గీలావంద్‌లో మా పెద్దమ్మ ఇంటి ఎదురుగా, గోడ నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఒళ్ళో బుట్ట. బెల్లు ఇంకా కొట్టలేదు.

ముందు బుట్ట సంగతి చెప్పాలి. టెహ్రాన్‌కి దగ్గర్లోని దమావంద్‌లో మా ఇంటి తోటలో గులాబ్ ఆపిల్ చెట్టు ఒకటుంది. కాయ చిన్నది, లేతపసుపు, ఒక చెంప మాత్రం సిగ్గుపడ్డట్టు ఎర్రన. పన్నీరు చల్లినట్టు వాసన. కోసి మూడు రోజులు దాటితే పిండి పిండి అయిపోతుంది కాబట్టి బజారుకి రాదు, చెట్టున్నవాళ్ళకే దక్కుతుంది. ప్రతి ఏడూ జూలై మొదట్లో, మా తీర్ నెలలో, అమ్మ మొదటి కోత మొత్తం బుట్టలో పెట్టి పెద్దమ్మకి పంపుతుంది. తాత పోయి, ఇల్లు అమ్మకి వచ్చిన దగ్గర్నుంచీ అక్కచెల్లెళ్ళిద్దరికీ మాటల్లేవు. నాలుగేళ్ళు. పండగల్లేవు, ఫోన్లు లేవు. ఆ బుట్ట ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది. మోసేది నేను.

పెద్దమ్మ బుట్టని ఖాళీగా వెనక్కి పంపదు. ఒక ఏడు ఎండు పుదీనా, ఒక ఏడు పుల్లచెర్రీ మురబ్బా. గుమ్మంలో నిలబడే అడుగుతుంది, "చెట్లెలా ఉన్నాయి?" అని. అమ్మ చెప్పమన్నదే నేను చెప్తాను, "రెండూ బాగున్నాయి పెద్దమ్మా" అని. ఏడాదికి ఒక ప్రశ్న, ఒక జవాబు. మా తోటలో ఉన్నవి ఎలాగూ రెండే ఆపిల్ చెట్లు కాబట్టి ఆ మాట గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇక నా సంగతి. నా పేరు తెర్మె. నిరుడు విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్షలో నా ర్యాంకు చూసి నాన్న కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. అంకె మారలేదు. అంతవరకూ టెహ్రాన్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదివినదాన్ని, ఇంటికొచ్చి మళ్ళీ అదే పుస్తకాలు ముందేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. కూర్చుంటేగా. పేజీ తిప్పితే లేస్తాను, నీళ్ళు తాగితే కిటికీ దగ్గరికి వెళ్తాను, కిటికీ దగ్గరికి వెళ్తే తోటలోకి వెళ్తాను.

"కాలు ఒకచోట నిలవని దానికి జీవశాస్త్రం తలకెక్కదు," అన్నారు నాన్న ఫిబ్రవరి చివర్లో, పొద్దున టీ తాగుతూ. "రోజుకి ఆరు గంటలు చదువు. మిగతా టైంలో తోట నీది. ఏం నాటాలో, ఏది ఎక్కడ పెట్టాలో నువ్వే తేల్చుకో."

"నా గులాబ్ జోలికి మాత్రం వెళ్ళకు," అంది అమ్మ.

రెండో చెట్టు సంగతి అమ్మ ఎత్తలేదు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటారని ఆవిడకి తట్టి ఉండదు.

ఆ రోజునుంచి నాకు నిద్రలో కూడా మొక్కలే. ఫోన్ నిండా తోటల ఫొటోలు. ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసి, ఇక్కడ ఇది, అక్కడ అది అని రంగు పెన్సిళ్ళతో నింపేశాను. మార్చిలో వచ్చే మా కొత్త సంవత్సరానికి రెండు వారాలుందనగా నాన్నని లాక్కుని ఉస్తా సైఫుల్లా నర్సరీకి వెళ్ళాను.

పనితనానికి గౌరవంగా అందరూ ఉస్తా అంటారు, డెబ్భై ఏళ్ళుంటాయి. ఉన్ని టోపీ, గోళ్ళ నిండా మట్టి. మా ఊళ్ళో సగం చెట్లు ఆయన చేతులమీదుగా నాటినవే. నేను ఫోన్ తీసి చూపించాను.

"ఉస్తా, హైడ్రాంజియాలు కావాలి. నీలంవి. వరసగా పన్నెండు."

ఆయన ఫోన్‌ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదెక్కడిది?"

"రామ్‌సర్‌లో, సముద్రం ఒడ్డున ఎవరిదో ఇల్లు."

"అయితే రామ్‌సర్ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుని అక్కడే నాటుకో అమ్మాయ్. ఇక్కడైతే మొదటి మంచుకే ఉడికించిన పాలకూర అయి కూర్చుంటుంది."

నాన్న అటు తిరిగి నవ్వుకున్నారు. నేను నోట్‌బుక్‌లో పన్నెండు నీలం సున్నాలు కొట్టేశాను.

ఉస్తా నన్ను వరసల మధ్య తిప్పాడు. లైలాక్ చూపించాడు, చలికి ఏమీ అనుకోదట, పైగా వీధి చివరికి వాసన వస్తుందట. ఆకులు రాకముందే ఒళ్ళంతా పసుపు పూసేది ఒకటి. గోడకి ఎగబాకే రోజా. నాలుగు లైలాక్‌లు, రెండు పసుప్పూల పొదలు, మూడు రోజాలు తేల్చుకున్నాం. తర్వాత నేను ఆపిల్ మొక్కల దగ్గర ఆగిపోయాను. నడుమెత్తు కూడా లేని పొట్టి అంటుమొక్కలు.

"ఇవి ఎప్పుడు పూస్తాయి?"

"రెండో ఏడు నాలుగు పూలు. మూడో ఏడు కాస్త కనబడతాయి."

"ఇంకా తొందరగా పూసేవి లేవా?"

"ఉన్నాయి, బజార్లో. ప్లాస్టిక్‌వి." మొక్కని పైకి లాగి వేళ్ళు చూపించాడు. "పైన కొమ్మలు చూసి మొక్క కొనకూడదు. కింద చూడు. ఇదిగో, ఇలా నాలుగు వైపులా వేళ్ళుండాలి. ఒకే వైపుంటే గాలికి పడిపోతుంది. ఇంతకీ ఇంట్లో ఏమున్నాయి?"

"గులాబ్ ఒకటి. ఇంకోటి ఉత్త పూల ఆపిల్. పూసినప్పుడు బానే ఉంటుంది, కాయలు గోలీలంత, ఒకటే పులుపు, పిట్టలు కూడా ఆలోచించి తింటాయి."

"రెండూ ఒకేసారి పూస్తాయా?"

"ఒకేసారే."

"అయితే బెంగలేదు. నీకు నచ్చినవి కొనుక్కో."

బెంగ ఎందుకు లేదో నేను అడగాల్సింది. అడగలేదు. అప్పటికే నా చూపు ఎర్రాకుల పొద మీదుంది.

మొక్కల వేళ్ళని తడి గోనెలో చుట్టి కారులో పెట్టాక నాన్న పర్సు తీశారు. "ఎంతివ్వమంటారు ఉస్తా?"

"మీ దగ్గర తీసుకోవడమేంటి, తీసుకెళ్ళండి."

"అలా కాదు, చెప్పండి."

"వద్దండీ, పిల్ల సరదాపడింది."

"ఉస్తా, మీరు చెప్పకపోతే నేను కదలను."

అప్పుడు చెప్పాడు. మా దగ్గర మర్యాద అంటే ఇదే. మొదటిసారి వద్దంటారు, రెండోసారీ వద్దంటారు, మూడోసారికి వచ్చేదే అసలు మాట. పసిపిల్లలకి కూడా తెలుసు. కారెక్కాక నాన్న అన్నారు, "ఆయన మాట నమ్మి మొదటిసారికే బయల్దేరి ఉంటే, ఈపాటికి మన డిక్కీ మీద కూర్చుని ఉండేవాడు."

రెండు రోజుల తర్వాత అమ్మ పండగ కొనుగోళ్ళకని టెహ్రాన్ వెళ్ళింది, ఒక రాత్రి మేనత్త దగ్గర ఉండేలా. నాన్న పోస్టాఫీసుకి వెళ్ళారు. నేను తోటలో మొక్కలు అటు పెట్టి, ఇటు పెట్టి, వెనక్కి నడిచి చూసి, మళ్ళీ మార్చి చస్తున్నాను. లైలాక్‌లకి ఎండ కావాలి. ఎండొచ్చే చోట ఆ పూల ఆపిల్ నీడ పడుతుంది. ఎక్కడ పెట్టినా అదే అడ్డం.

అప్పుడే పక్కింటి కియూమర్స్ ఆగా, అంటే కియూమర్స్ గారు, గేటు దగ్గరికొచ్చారు. రిటైరైన బస్సు డ్రైవరు. పండగ శుభ్రం అని పెరట్లో తివాచీలు కడుగుతున్నట్టున్నారు, పాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో బ్రష్షు, మోచేతుల నిండా నురగ.

"తెర్మె ఖానుమ్, ఏమీ అనుకోకు తల్లీ. మీ చెట్టు గోలీకాయలు మా నీళ్ళు బయటికి పోయే గొట్టంలో ఇరుక్కున్నాయి. కడిగిన నీళ్ళన్నీ మళ్ళీ తివాచీ మీదకే. ఇటువైపు వాలిన కొమ్మ ఒక్కటి, మీకు ఇబ్బంది లేకపోతేనే, కాస్త..."

"కొమ్మేంటి కియూమర్స్ ఆగా, చెట్టే మీది. కొట్టేయండి."

"అయ్యయ్యో, అంత మాటెందుకు. పచ్చని చెట్టు."

"మీకంటే ఎక్కువా మాకు చెట్టు?"

"మీ నాన్నగారి పెంపకం తల్లీ నీది. నాకు కొమ్మ చాలు."

ఇక్కడ ఆపాలి. రెండుసార్లయింది, మర్యాద ముగిసింది, ఆయన కొమ్మ కొట్టుకుని వెళ్ళిపోతారు. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"నేను నిజంగా అంటున్నాను. మొదలంటా కొట్టేయండి."

ఆయన బ్రష్షు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "అమ్మగారున్నారా?"

"టెహ్రాన్ వెళ్ళింది. ఈ ఏడు తోట నాదేనండి."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆయన, ఆయన బావమరిది, ఒక కరెంటు రంపం. నేను వాళ్ళకి టీ కూడా పెట్టాను. గంట పట్టలేదు. చెట్టు పడ్డాక తోట ఒక్కసారిగా వెడల్పయింది, నా నోట్‌బుక్‌లో ఉన్నట్టే. రంపంపొట్టు తడి ఇంకా ఆరకముందే నాలుగు లైలాక్‌లూ నాటేశాను, ఫొటోలు కూడా తీశాను.

అమ్మ సాయంత్రం బస్సుకి వచ్చింది. రెండు చేతుల్లో సంచులు. గేటు తీసి అడుగు లోపల పెట్టి ఆగిపోయింది.

"తోటకి వెలుగొచ్చింది కదూ," అన్నాను.

"ఎవరు కొట్టారు?"

"కియూమర్స్ ఆగా. ఆయన మర్యాదకి అడిగారు, నేనూ మర్యాదకే..."

"ఎన్నిసార్లన్నావు?"

నేను మూడు వేళ్ళు చూపించాను.

అమ్మ సంచులు కింద పెట్టలేదు. వాటితోనే మోడు దాకా నడిచి, లోపలికి వెళ్ళింది. వంటింటి కిటికీలో ఉండే జెరేనియం కుండీ తెచ్చి మోడు మీద పెట్టింది. పూలు ఇంటివైపు వచ్చేలా తిప్పింది. "టీ పెట్టు," అంది. అంతే. మర్నాడు కియూమర్స్ ఆగా మిఠాయి పళ్ళెంతో వస్తే, "చాలా శ్రమ తీసుకున్నారు, మీ చేతులు చల్లగా ఉండాలి," అని కూడా అంది. తిట్టి ఉంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

కొత్త సంవత్సరం పండగ వచ్చింది, దాని పదమూడు రోజులూ అయిపోయాయి. పెద్దమ్మ రాలేదు, మేము వెళ్ళలేదు, ఎప్పటిలాగే. నాకు మాత్రం ఒళ్ళు నిలవడం లేదు. పొద్దున లేవగానే తోటలోకి పరిగెత్తి లైలాక్ మొగ్గలు లెక్కపెట్టడం, లోపలికొచ్చి పుస్తకం తీయడం, మళ్ళీ వెళ్ళి చూడటం. తమాషా ఏంటంటే ఆ వారం నేను చదువుతున్నది పరాగసంపర్కం పాఠం. ఆపిల్ పువ్వు తన రకం పుప్పొడిని తాను ఒప్పుకోదు, వేరే రకం ఆపిల్ పుప్పొడి కావాలి అన్న వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. కిటికీలోంచి గులాబ్ కనిపిస్తూనే ఉంది. ఆ వాక్యం, ఈ చెట్టు నా బుర్రలో ఒకదానికొకటి ఎదురుపడలేదు.

ఏప్రిల్ మూడో వారంలో గులాబ్ మొగ్గలు గులాబీరంగు తిరిగాయి. కొత్త మొక్కలు ఎలా పట్టుకున్నాయో చూద్దామని ఉస్తా సైఫుల్లా ఆ రోజే వచ్చాడు. అమ్మ రొట్టెల దుకాణానికి వెళ్ళింది. ఉస్తా నా లైలాక్‌ల వైపు తల ఊపి, గులాబ్ వైపు చూసి, నలువైపులా చూశాడు. తర్వాత జెరేనియం కుండీ దగ్గరికి వెళ్ళి, కుండీ ఎత్తి, కింద చూసి, మళ్ళీ పెట్టేశాడు.

"నీకెన్ని రోజులున్నాయో తెలుసా?"

"దేనికి?"

"ఎల్లుండికి విచ్చుకుంటాయి. ఆ తర్వాత ఓ ఆరు రోజులు, గాలి లేకపోతే. తర్వాత ఈ గులాబ్ పూలన్నీ రాలిపోతాయి. ఒక్క కాయ నిలబడదు."

అప్పుడు, అప్పుడు వెలిగింది ఎర్ర పెన్ను గీత. 

"ఇంకెవరి చెట్లయినా ఉంటాయి కదా ఉస్తా, తేనెటీగలు ఎక్కణ్ణుంచైనా..."

"చుట్టూ చూడు. ఒకప్పుడు ఈ వీధంతా ఆపిలే. ఇప్పుడన్నీ టెహ్రాన్ వాళ్ళ విల్లాలు, గడ్డి, ఈతకొలను. పక్కన కియూమర్స్‌వి అక్రోటు చెట్లు. పుప్పొడి ఎక్కణ్ణుంచి తెస్తుంది తేనెటీగ, ఈతకొలనులోంచా?"

గులాబ్ కాయకపోతే బుట్ట వెళ్ళదు. బుట్ట వెళ్ళకపోతే పెద్దమ్మ ఏమనుకుంటుందో నేను చెప్పక్కర్లేదు. చెల్లెలు ఆ ఒక్కటి కూడా తెంపేసిందనుకుంటుంది. నాలుగేళ్ళు ఇద్దరూ పట్టుకుని ఉన్నది దాన్నే, దాన్ని నేను నాలుగు లైలాక్‌ల కోసం కోసేశాను.

"ఏదైనా దారి చెప్పండి ఉస్తా."

"పెద్ద తోటల వాళ్ళు చేసే పని ఒకటుంది. వేరే రకం ఆపిల్ పూలకొమ్మలు కోసుకొచ్చి, నీళ్ళ బకెట్లలో పెట్టి, చెట్టుకి వేలాడదీస్తారు. మిగతాది తేనెటీగలు చూసుకుంటాయి."

"మీ నర్సరీలో ఉంటాయిగా?"

"నా దగ్గరున్నవి పిల్లలు, వాటికి పూలెక్కడివి." గడ్డం గోక్కున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు గేటు వైపోసారి చూశాడు. "గీలావంద్‌లో ఒకటుంది. మీ పెద్దమ్మ మహ్లఖా ఖానుమ్ పెరట్లో. మీ తాత పోయాక, నువ్వు కొట్టించిన ఈ చెట్టు పుల్ల తీసి నేనే అంటు కట్టిచ్చాను. ముదురు మొక్క మీద కట్టా, ఈసరికి బాగా పూస్తూ ఉండాలి."

మర్నాడు పొద్దున లైబ్రరీకని చెప్పి షేర్ టాక్సీ ఎక్కాను. పావుగంట దారి. ఆ పావుగంటలో ఎన్ని అబద్ధాలు కట్టానో, ఒక్కటీ నిలబడలేదు.

పెద్దమ్మ బట్టలు కుడుతుంది. తలుపు తీసినప్పుడు మెళ్ళో టేపు, ముక్కు చివర కళ్ళజోడు. నన్ను చూసి, నా ఖాళీ చేతులు చూసింది.

"బుట్టకింకా రెండు నెలలపైనే ఉంది," అంది.

"ఊరికే వచ్చాను పెద్దమ్మా."

"ఊరికే ఎవరూ రారు ఈ ఇంటికి. లోపలికి రా."

టీ ఇచ్చింది, బియ్యప్పిండి బిస్కెట్లు పెట్టింది, వద్దంటే వద్దన్నకొద్దీ పళ్ళెం ముందుకి జరిపింది. పెరటి తలుపు తీసే ఉంది. అక్కడ, చిన్న సిమెంటు పెరట్లో, అదే చెట్టు. మా చెట్టే, కాస్త చిన్నది. మొగ్గ ఎరుపు, విచ్చితే తెలుపు, ఆకు కనబడకుండా పూసింది. నేను దానివైపు చూడకుండా ఉండలేకపోతున్నాను.

"ఏంటి నీళ్ళు నములుతున్నావు?" అంది పెద్దమ్మ, గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ.

"పూలకొమ్మలు కావాలి పెద్దమ్మా. గులాబ్ కోసం."

సుద్ద ఆగింది. "గులాబ్ పక్కనే నా చెట్టుందిగా."

నా చెట్టు. ఆ మాట మొదటిసారి వింటున్నాను.

"నీకు తెలీదా? మీ అమ్మ చెప్పలేదా?" గుడ్డ పక్కకి నెట్టింది. "నేను పుట్టినప్పుడు మా నాన్న నాటాడు దాన్ని. ఆరేళ్ళకి మీ అమ్మ పుడితే గులాబ్ నాటాడు. దానికేమో పన్నీరు కాయలు, నాకేమో గోలీలు. ఏడ్చి చచ్చేదాన్ని. 'నీ చెట్టు లేకపోతే దానికి ఒక్క కాయ కూడా రాదే పిచ్చిదానా' అనేవాడు నాన్న. ఊరుకోబెట్టడానికి అంటున్నాడనుకునేదాన్ని. అందుకే మొదటి కోత ఎప్పుడూ నాది. నాన్న పెట్టిన రివాజు అది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"ఫరంగీస్ కొట్టించిందా?" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. టేపు మాత్రం వేలికి చుట్టుకుంటోంది, గట్టిగా.

"కాదు. అమ్మ ఊళ్ళో లేదు. నేనే. పక్కింటాయన కొమ్మ అడిగితే, చెట్టు కొట్టేయమని మూడుసార్లు అన్నాను."

"మూడోసారి ఎందుకన్నావు?"

"లైలాక్‌లు పెట్టాలని."

ఇంకేం చెప్పినా అబద్ధమే అయ్యేది.  పెద్దమ్మ లేచి, మెళ్ళో టేపు తీసి కుర్చీకి తగిలించి, పెరట్లోకి వెళ్ళి నిచ్చెన వేసింది.

"పట్టుకో."

కత్తెరతో కొమ్మ తర్వాత కొమ్మ కోసి కిందికి అందిస్తోంది. మొగ్గలు సగం విచ్చినవే చూసి చూసి. నా చేతులు నిండిపోయాయి.

"చాలు పెద్దమ్మా. చెట్టు బోసిపోతోంది."

"ఊరుకో. నిచ్చెన కదలనియ్యకు."

సగం చెట్టు కోసింది. తడి దుప్పటిలో చుట్టి, తనే ఫోన్ చేసి టాక్సీ పిలిచింది. గుమ్మం దాకా వచ్చాక అంది, "ఇవి నా దగ్గరవని మీ అమ్మకి చెప్పకు. తెలిస్తే బకెట్లతో సహా వీధిలో పారేస్తుంది. నర్సరీవి అను."

"సరే."

"నీళ్ళు రోజూ మార్చు. ఇంకోటి. కొమ్మలు నీ మొహం చూసి ఇచ్చాను. ప్రతి ఏడూ ఇలా బకెట్లు కట్టుకుంటూ కూర్చోలేవు, అక్కడ చెట్టుండాలి. అంటు పుల్ల కావాలంటే మాత్రం మీ అమ్మ అడగాలి. తను అడిగితే ఆ రోజే ఇస్తా."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. పెరుగు బకెట్లు, పెయింటు డబ్బాలు, ఏవి దొరికితే అవి నీళ్ళతో నింపుతున్నాను. గోడ మీంచి కియూమర్స్ ఆగా చూశారు. ఏంటని అడిగారు, చెప్పేశాను. ఆయన మొహం వాడిపోయింది.

"నేను కొమ్మే అడిగాను తల్లీ."

"అవునండి. చెట్టన్నది నేనే."

"మూడుసార్లన్నావు."

"మూడుసార్లూ నేనే."

ఆయన లోపలికి వెళ్ళి, తన బకెట్లు ఆరు, తీగచుట్ట, నిచ్చెన తెచ్చారు. అరవై ఆరేళ్ళ మనిషి గులాబ్ పైకొమ్మల దాకా ఎక్కి పద్నాలుగు బకెట్లు కట్టారు. "నలభై ఏళ్ళు బస్సు నడిపా, ఏనాడూ ఒక కుక్కపిల్లని కూడా తొక్కలేదు," అని పైనుంచి గొణుగుతున్నారు.

అమ్మ వచ్చి చెట్టుకింద నిలబడింది. "ఎక్కడివి ఈ పూలు?"

"ఉస్తా నర్సరీవి."

"ఆయనకి రుణపడ్డాం," అంది. ఒక బకెట్‌లోంచి రాలిన రేకు తీసి, చూసి, జేబులో వేసుకుంది.

రెండు రోజులు చలిగాలి. తేనెటీగ ఒక్కటి బయటికి రాలేదు. నేను బకెట్ల నీళ్ళు మారుస్తూ, ఆకాశం చూస్తూ, పుస్తకం తలకిందులుగా పట్టుకుని తిరిగాను. మూడోరోజు పదింటికి ఎండ వచ్చింది. పదీ పదికి చెట్టంతా గుయ్యిమంది. కుర్చీ వేసుకుని దానికిందే కూర్చున్నాను, ఈ ఏడాది మొత్తంలో నేను కదలకుండా కూర్చున్న రోజు అదొక్కటే.

రేకులు రాలాయి. తర్వాత వారం తొడిమలు పసుపెక్కి రాలడం మొదలుపెట్టాయి. రోజూ కింద ఏరి లెక్కపెట్టేదాన్ని, పైన లెక్కపెట్టే ధైర్యం లేక. మే నెల మధ్యకి రాలడం ఆగింది. పైన మిగిలినవి గింజంత, తర్వాత గోలీ అంత, తర్వాత అక్రోటంత.

ఇవాళ పొద్దున అమ్మ కోసింది. మామూలుగా రెండు వందలు దాటే చెట్టుకి నలభై ఏడు. అన్నీ బుట్టలోనే పెట్టింది, ఆకులు పరిచి, ఎర్రచెంప పైకి వచ్చేలా.

"మనకి?" అన్నాను.

"వాసన చూశాంగా." పైన తెల్లగుడ్డ కప్పింది. "అక్క అడిగితే రెండూ బాగున్నాయని చెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ నా వైపు చూడలేదు, జెరేనియం కుండీ సర్దుతోంది. కుండీ చుట్టూ మోడు నుంచి చిగుళ్ళొచ్చాయి, జానెడు. ఉస్తా చూసి చెప్పాడు, అవి అంటుకి కింద ఉండే అడవి వేరువి, వాటంతట అవి గోలీలు కూడా కాయవు, కానీ మోడు బతికే ఉంది, ఆగస్టులో వాటికే అంటు కట్టొచ్చు అని. పుల్ల ఎక్కణ్ణుంచి తేవాలో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మకీ తెలుసని ఇవాళే తెలిసింది.

"అక్క వాళ్ళింట్లో దీని పిల్ల చెట్టొకటుండాలి," అంది కుండీతో మాట్లాడుతున్నట్టు. "ఏ మొహంతో అడగను? నీ చెట్టు కొట్టించేశాను, ఇప్పుడు నీదాంట్లోంచి ముక్క ఇయ్యి అనా? అది తెలిసిన రోజు ఈ బుట్ట కూడా నా మొహాన కొడుతుంది. వెళ్ళు, టాక్సీలు దొరకవు తర్వాత."

"అమ్మా..."

"ఏంటి?"

"ఏం లేదు."

అదీ సంగతి. నేనిప్పుడు ఈ గోడ నీడలో కూర్చుని అరగంటయింది. గుడ్డ కప్పినా పన్నీరు వాసన ఆగడం లేదు, ఇందాక ఇద్దరు ఆగి మరీ అడిగి వెళ్ళారు. అక్కకి తెలిసిపోతుందని అమ్మ భయపడుతోంది. అక్కకి ఏప్రిల్‌లోనే తెలుసు, తెలిసే సగం చెట్టు కోసిచ్చింది. చెల్లెలు అడిగితే చాలని ఇక్కడ పెద్దమ్మ కూర్చుంది. అడిగితే అంతా పోతుందని అక్కడ అమ్మ కూర్చుంది. అమ్మకి చెప్పనని పెద్దమ్మకి మాటిచ్చాను. అమ్మ చెప్పమన్న మాట నోట్లో ఉంది. రెండూ నిలబెట్టుకుంటే బుట్ట తిరుగుతూనే ఉంటుంది, మోడు మీద కుండీ అలాగే ఉంటుంది. అమ్మ పంపిన మాట అబద్ధమని గుమ్మంలోనే ఒప్పుకుంటే, అమ్మ పరువు తీసినదాన్నవుతాను. ఇంటికెళ్ళి అమ్మకి కొమ్మల సంగతి చెప్పేస్తే, పెద్దమ్మకిచ్చిన మాట తప్పినదాన్నవుతాను. ఆగస్టు వచ్చే నెలే.

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. కిటికీ తెర కదిలింది, నన్ను చూసేసినట్టుంది. చెప్పుల చప్పుడు గుమ్మం వైపే వస్తోంది. తలుపు తీస్తుంది, బుట్ట అందుకుంటుంది, ప్రతి ఏడూ అడిగినట్టే అడుగుతుంది, "చెట్లెలా ఉన్నాయి?" అని.

త్వరగా చెప్పండి, గడియ తీస్తోంది. మీరైతే ఏమంటారు?